పప్పులో మందు వాసన

గేటు తోసుకుని లోపలికి రండి. ఇవాళ మీరే టీచరు.

పల్నాడులో పత్తి, మిరప పండించే ఊరు. జిల్లా పరిషత్ హైస్కూలు. 180 మంది పిల్లలు. హెచ్ఎం సార్ మండల కేంద్రంలో మీటింగుకి వెళ్ళారు. పొద్దున్నే ఫోన్ చేసి, "ఇవాళ్టికి ఇన్‌ఛార్జి మీరే, కాస్త చూసుకోండి టీచర్ గారూ" అన్నారు. మీరు సరేనన్నారు. బడి నడవడానికి పెద్దగా చూసుకునేది ఏముంటుంది? గంట కొట్టాలి, హాజరు యాప్‌లో ఎక్కించాలి, రాని మాష్టారి పీరియడ్‌కి ఎవరినో పంపాలి.

వరండాలో నడుస్తుంటే కొత్త రంగుల వాసన ఇంకా పోలేదు. బళ్ళు బాగుచేసే నాడు-నేడు పథకంలో వచ్చిన టైల్స్, ఆకుపచ్చ బోర్డులు, ఫ్యాన్లు, మంచినీళ్ళ ప్లాంటు. గోడ మీద శరీర భాగాల బొమ్మ. బయటివాళ్ళు ఎవరొచ్చినా ఇక్కడే ఆగి ఫొటో తీసుకుంటారు, "బడి వాతావరణం బ్రహ్మాండంగా ఉందండీ" అంటారు. అది తీసిపారేసే మాట కాదు. బాత్రూములో నీళ్ళు రాని బడికి పెద్దమనిషైన ఆడపిల్ల ఎందుకొస్తుంది? ఈ బళ్ళో నీళ్ళొస్తున్నాయి, వాళ్ళూ వస్తున్నారు.

రెండో పీరియడ్. ఏడో తరగతి, సైన్సు. మీరు బోర్డు మీద రాస్తారు: ఎండలో మొక్క ఆహారం తయారుచేసుకునేటప్పుడు ఆక్సిజన్ తీసుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. రాసి వెనక్కి తిరుగుతారు. ముందు బెంచీలో నలుగురు తల వంచుకుని ఎక్కించేసుకుంటున్నారు. మధ్యలో గుసగుస. వెనక బెంచీ నుంచి ఒక చెయ్యి లేస్తుంది.

"టీచర్, తిరగేసి రాశారు."

క్లాసంతా గొల్లుమంటుంది. మీరు చాక్‌పీసు వాడి చేతికిస్తారు. వాడు లేచొచ్చి, కొట్టేసి, సరిచేసి, మీసాలు రాకపోయినా దువ్వుకుంటూ వెళ్ళి కూర్చుంటాడు.

ఆ తప్పు మీరు కావాలనే రాశారు. రోజుకొకటి రాస్తారు. ఎక్కడ, ఎప్పుడు అన్నది వాళ్ళకి తెలీదు. జూన్‌లో మీరు ఈ ఊరొచ్చిన కొత్తలో ఒక లెక్కలో ఏడెనిమిదులు యాభై నాలుగు అని రాసి చూశారు. క్లాసులో ఒక్కరు నోరు మెదపలేదు. అందరికీ ఎక్కాలు వచ్చు. అందరూ యాభై నాలుగనే రాసుకున్నారు. ఎందుకురా అంటే, "మీరు రాశారు కదా టీచర్" అన్నారు. ఆ జవాబు మీకు ఆ రాత్రి నిద్ర పట్టనివ్వలేదు.

స్టాఫ్‌రూములో దీని మీద రోజూ వాదన నడుస్తుంది. బీరువా మీద ఒక బెత్తం ఉంది. దాని సొంతదారు మంచి మాష్టారే, లెక్కలు బాగా చెబుతారు, సెలవు పెట్టరు. "భయం లేనిదే చదువు రాదండీ" అంటారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టకూడదని, మాటలతో హింసించకూడదని చెబుతుందని ఆయనకూ తెలుసు. అదే బీరువాలో అట్ట ఊడిపోయిన 'రైలుబడి' పుస్తకం కూడా ఉంది. అందులో, బళ్ళో చేరడానికొచ్చిన చిన్నపిల్లని కూర్చోబెట్టుకుని జపాను హెడ్మాష్టారు ఒకాయన నాలుగు గంటలు ఆ పిల్ల చెప్పిందల్లా వింటాడు. మనకి నాలుగు గంటలు ఎక్కడివి, నిజమే. నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో నాలుగు నిమిషాలు దొరుకుతాయా అన్నదే ప్రశ్న.

ఒకసారి దొరికాయి. భోజనం వేళ ఆరో తరగతి పిల్లాడు అరచేతిలో నాలుగు గింజలు పట్టుకుని మీ దగ్గరికొచ్చాడు. "ప్లాస్టిక్ బియ్యం కలుపుతున్నారు టీచర్." ఛీ పో, తిను అనేస్తే అయిపోయేది. మీరు ఆ గింజల్ని భూతద్దం కింద పెట్టారు. బియ్యాన్ని పిండి చేసి, ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి, మళ్ళీ గింజల్లా వత్తి, నూరు గింజలకి ఒకటి చొప్పున కలుపుతారని, పిల్లల్లో రక్తహీనత పోవడానికని చెప్పారు. వాడు ఆ గింజ నమిలి చూసి, "ప్లాస్టిక్ కాదు" అని ఊరంతా చాటాడు. అప్పటినుంచి వంటలో ఏ తేడా కనిపించినా పిల్లలు మీ దగ్గరికే తెస్తున్నారు. సగం పనికిమాలినవి. పప్పులో కరివేపాకు పుల్ల కనపడినా తెస్తారు. విసుగొస్తుంది. అయినా చూస్తారు.

పన్నెండు దాటింది. వంటింటి వైపు నడవండి.

పొగ. డేగిసాల మూతల చప్పుడు. అన్నం వార్చేశారు. గుడ్లు ఉడికి తొట్టిలో చల్లారుతున్నాయి. పప్పుకి తాలింపు పడింది. ముగ్గురు వంట అక్కలు. నెలకి మూడు వేల రూపాయల గౌరవ వేతనం, అదీ నెలనెలా రాదు. ముందు సరుకు తెచ్చి వండాలి, బిల్లు తర్వాత వస్తుంది. ఆ 'తర్వాత' ఎప్పుడన్నది కిరాణా కొట్టువాడు అడుగుతుంటాడు.

కిటికీలో రుచి రిజిస్టరు ఉంది. పిల్లలకి వడ్డించే ముందు ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు, అందులో కనీసం ఒక టీచరు, తిని చూడాలి. రాయాలి. సంతకం పెట్టాలి. రిజిస్టరు తెరుస్తారు. శనివారం దాకా సంతకాలు ముందే పడి ఉన్నాయి. ఇవాళ్టి గడిలో కూడా 'రుచిగా ఉన్నది' అని రాసేసి ఉంది.

బయట గంట కొట్టేశారు. ఆరో తరగతి పిల్లలు కంచాలతో వరండాలో బాసింపట్లు వేసి కూర్చున్నారు. వాళ్ళలో కొందరికి పొద్దుటినుంచి ఇదే మొదటి ముద్ద. కూలికి వెళ్ళే తల్లి తెల్లారకముందే ఆటో ఎక్కుతుంది, పొయ్యి వెలగదు. 2001లో సుప్రీంకోర్టు బళ్ళో వండిన అన్నమే పెట్టాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది ఇలాంటి కంచాల కోసమే. పెద్ద అక్క అన్నం బకెట్ ఎత్తింది. వెనక పప్పు బకెట్.

మీ చెయ్యి ఎవరో పట్టుకుని లాగుతారు.

ఏడో తరగతి పిల్ల. పొద్దున క్లాసులో ఒక్క మాట మాట్లాడని పిల్ల. వంటింటి గుమ్మం దగ్గర గ్లాసులు సర్దుతోంది.

"టీచర్, పప్పులో మందు వాసన వస్తంది."

"ఏం మందు?"

"చేలో కొట్టే మందు. మా నాన్న చొక్కా వాసన."

మీరు పప్పు దగ్గరికి వెళ్ళి వంగుతారు. ఆవాలు, ఎండుమిర్చి, వెల్లుల్లి. ఘాటైన వెల్లుల్లి. అంతే. మీకింకేం తెలియడం లేదు.

పక్కనున్న మాష్టారు నవ్వుతారు. "తాలింపు మాడి ఉంటుందిలెండి. పిల్లలు ఆకలి మీదున్నారు."

వంట అక్క వైపు చూస్తారు. ఆమె మీ వైపు చూడదు.

"అక్కా, నూనె కొత్తదా?"

మాట రాదు. గరిటె పక్కన పెడుతుంది. "పాకెట్లు అయిపోయినై. కొట్టతను అప్పివ్వనన్నాడు. ఇంటికాడి నూనె తెచ్చా." ఆగుతుంది. "కాగేటప్పుడు నురగ అదోరకంగా వచ్చింది టీచర్ గారూ. పొద్దున హెచ్ఎం సారుకి ఫోన్‌లో చెప్పా. కానియ్యమ్మా అన్నారు."

"దేంట్లో తెచ్చావు?"

పొయ్యి వెనక తెల్ల ప్లాస్టిక్ డబ్బా. లేబులు గీకేశారు. ఒక మూల మిగిలింది. ఎర్ర త్రికోణం.

పత్తి ఊళ్ళో పుట్టిన ఎవరికైనా ఆ ఎరుపు తెలుసు. మందు డబ్బాల మీద నాలుగు రంగులుంటాయి. ఆకుపచ్చ, నీలం, పసుపు, ఎరుపు. ఎరుపు అంటే అన్నింటికన్నా ప్రాణాంతకం. ఖాళీ అయ్యాక పగలగొట్టి పాతిపెట్టాలి, మళ్ళీ వాడకూడదు. కానీ గట్టి డబ్బా, బిగుతైన మూత. పారేయడానికి మనసొప్పదు. "సబ్బు పెట్టి రెండుసార్లు కడిగా" అంటోంది ఆమె. ఈ మందుల్లో చాలా వాటికి వెల్లుల్లి లాంటి వాసనే ఉంటుంది. అందుకే మీ ముక్కుకి తాలింపు తప్ప ఏమీ తెలియలేదు. ఆ పిల్ల ముక్కుకి తెలిసింది.

మీకు బీహార్ గుర్తొస్తుంది.

2013 జూలై 16. సారణ్ జిల్లాలో గండామన్ అనే ఊరు. చిన్న బడి. మధ్యాహ్న భోజనం. వంటామె నూనె తేడాగా ఉందని చెప్పింది. పిల్లలు కూర చేదుగా ఉందన్నారు. తినమన్నారు. తిన్నారు. నూనె పోసిన డబ్బాలో అంతకుముందు మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉండేది. 23 మంది పిల్లలు చనిపోయారు. వండినామె కూడా ఆసుపత్రి పాలైంది.

అక్కడ అందరూ చెప్పారు. వినేవాళ్ళే లేకపోయారు.

ఇప్పుడు మీ ముందున్న దారులేమిటి? హెచ్ఎం సార్‌కి ఫోన్ చేయొచ్చు. చేస్తారు. మోగుతుంది, ఎత్తరు. రుచి చూసి నిర్ణయించొచ్చు. వద్దు. ఇది నాలుకతో తేల్చే సంగతి కాదు. పప్పు ఆపేసి ఉత్త అన్నం పెట్టొచ్చు. అదే గరిటె, అవే చేతులు. పారబోస్తే? ఊళ్ళో గోల. వండిన వాళ్ళ మీద కేసు. పిల్లకి వాసన తెలిసిందని ఇంత అన్నం పారేశారా అంటారు. తప్పని తేలితే ఆ మాట మీరు రిటైరయ్యేదాకా వెంటబడుతుంది.

బకెట్ వరండా చేరింది.

పరుగెత్తండి.

"ఆపండి! ఎవరూ ముట్టుకోవద్దు! చేతులు పైకెత్తండి!"

గరిటె గాల్లో ఆగిపోతుంది. మొదటి వరసలో పప్పు పడింది. రెండో వరసలో పడింది. మూడో వరసలో ఇంకా లేదు. మీరు కంచం కంచం చూస్తూ వెళతారు. కలిపిన అన్నం. కలపని అన్నం. కొరికిన గుడ్డు.

"ఎవరు పప్పు నోట్లో పెట్టుకున్నారు? ఏమీ అనను. చెప్పండి."

నిశ్శబ్దం.

ఒక చెయ్యి. ఇంకొకటి. మూడోది, సగం వరకే.

"ఇంకెవరు?"

ఎవరూ లేరు. మీరు నమ్మరు. వరసలు చూస్తారు. బకెట్లు మోసిన తొమ్మిదో తరగతి కుర్రాళ్ళు ముగ్గురుండాలి. ఇద్దరే ఉన్నారు.

"మీతోవాడు ఏడి?"

ఇద్దరూ నేల చూస్తారు. ఆరో తరగతి వరసలోంచి ఒక చిన్నది లేచి నిలబడుతుంది. గొంతు వణుకుతోంది.

"మా అన్న తిన్నాడు టీచర్. ట్యాంకు ఎనకమాల ఉన్నాడు. కొడతారని రావట్లేదు."

ట్యాంకు వెనక. గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పక్కన ఖాళీ కంచం. పూర్తిగా ఖాళీ. నుదుటి మీద చెమట. ఎండ వల్ల కాదు. నోటి పక్కన చొంగ. పొట్ట పట్టుకున్నాడు.

మీ వెనక అడుగుల చప్పుడు. బెత్తం మాష్టారు. కుర్రాడు ఆయన్ని చూసి గోడలోకి ముడుచుకుపోతాడు. మాష్టారికి అది కనబడింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుంటారు.

"కొట్టన్రా. ఎప్పుడు తిన్నావు? అది చెప్పు చాలు."

"బెల్లు... ముందు."

108. మోగింది. ఎత్తారు. ఊరు పేరు చెప్పండి. బడి చెప్పండి. ఎంతమంది? నలుగురు. పురుగుమందు అని అనుమానం. స్పృహలో ఉన్నారా? ఉన్నారు.

ఎవరో ఉప్పునీళ్ళ చెంబు తెస్తారు. కక్కిద్దాం అంటారు. వద్దు. కక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చెంబు పక్కన పెట్టించండి. వాడిని పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోరు తుడవండి. గుండీలు విప్పండి. మాట్లాడిస్తూ ఉండండి.

"డబ్బా తెండి. కడగొద్దు. మూత బిగించండి. డాక్టరు చూడాలి."

నిమిషం. ఇంకో నిమిషం. వాడి కళ్ళలోకి చూస్తారు. నల్లపాప సన్నగా ఉంది. నీడలో కూడా సన్నగానే ఉంది. మీరు డాక్టరు కాదు. అయినా చూస్తారు. చెయ్యి పట్టుకుంటారు. చెయ్యి చల్లగా ఉంది. కండరాలు అదురుతున్నాయి.

సైరన్.

మాష్టారు వాడిని రెండు చేతుల మీద ఎత్తుకుని వ్యాను దాకా తీసుకెళతారు. మిగిలిన ముగ్గురూ నడిచి ఎక్కుతారు. ఏడో తరగతి పిల్ల వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఇంకా గ్లాసులు పట్టుకునే ఉంది.

మీరు ఇక్కడే ఉండాలి. 176 మంది ఆకలితో ఉన్నారు.

డేగిసాలకి మూతలు పెట్టించి, గదిలో పెట్టి తాళం వేస్తారు. పరీక్షకి పంపడానికి పప్పు, నూనె, అన్నం కొంచెం కొంచెం విడిగా తీసి ఉంచుతారు. స్టోర్‌లో చిక్కీ ప్యాకెట్లు ఉన్నాయి, సీలు తీయనివి. ఊళ్ళోంచి అరటిపండ్లు తెప్పిస్తారు. ఏడో తరగతికి 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అని బోర్డు మీద రాసి ఉంటుంది. ఇవాళ ఆ లెక్క కుదరదు. కుదరకపోయినా ఫరవాలేదు.

గంటలో గేటు దగ్గర ఊరంతా చేరింది. "ఎవత్తది? ఎవత్తి వండింది?" వంట అక్క వంటింట్లో మూల కూర్చుని ఏడుస్తోంది. బయటికి పంపితే ఏమవుతుందో మీకు తెలుసు. నేరం ఒక్కరి నెత్తిన పడితే మిగతా అందరికీ ఊపిరి ఆడుతుంది. గేటు లోపల నిలబడి మీరు చెప్పాల్సింది చెబుతారు: ఆ డబ్బా తేవడం ఆమె తప్పే. కానీ నూనె బాలేదని పొద్దున చెప్పింది కూడా ఆమే. ఆ మాట విననిది మేము. కొట్టువాడి అప్పు పెరిగింది బిల్లులు రాక. అందరూ ఒప్పుకోరు. కొంతమంది తిడతారు. తిట్లు పడాలి, అది కూడా ఇన్‌ఛార్జి పనే.

సాయంత్రం పీహెచ్‌సీ నుంచి మాష్టారి ఫోన్. అట్రోపిన్ ఇంజక్షన్ ఇచ్చారు, ఏరియా ఆసుపత్రికి పంపారు, కుర్రాడు మాట్లాడుతున్నాడు. డబ్బా చూపించబట్టి డాక్టరుకి వెతుక్కోవలసిన పని లేకపోయింది. చిన్నవాళ్ళు ముగ్గురికీ లక్షణాలు లేవు, అయినా రాత్రంతా కనిపెట్టి చూస్తారు. ఆయన గొంతు మామూలుగా లేదు. "వాడు దాక్కున్నాడండీ. ఇంకో పావుగంట ఎవరూ చెప్పకపోతే..." అని ఆపేశారు.

ఇంకో ఫోన్ కూడా వస్తుంది. ఎవరిదో చెప్పనక్కర్లేదు. "రిపోర్టులో కాస్త చూసి రాయండి, పేపర్లకి ఎక్కితే బడికే చెడ్డపేరు" అంటారు. మీరు తెల్లకాగితం తీసి వరసగా రాస్తారు: ఎన్ని గంటలకి వంటామె చెప్పింది, ఎవరు విన్నారు, ఎన్నింటికి ఏడో తరగతి విద్యార్థిని చెప్పింది, ముందే పెట్టిన సంతకాలు ఎన్ని. ఈ బడికి చెడ్డపేరు వస్తే రానీ. పిల్లలు బతికారు.

మర్నాడు రెండో పీరియడ్‌లో మీరు బోర్డు మీద ఏదో రాసి తిరుగుతారు. ఏడో తరగతి పిల్ల చెయ్యెత్తుతుంది. ఇవాళ మీరు తప్పేం రాయలేదు. ఆ మాట ఆమెకి చెబుతారు, ఎందుకు అనుకున్నావో చెప్పమంటారు. చెబుతుంది. తప్పే చెబుతుంది. వినండి.

పన్నెండింటికి రుచి చూసే వంతు మళ్ళీ మీదే. వంట అక్కలు ముగ్గురినీ, వచ్చిన అమ్మానాన్నలు ఎవరుంటే వాళ్ళనీ, ఏదో ఒక క్లాసు నుంచి ఇద్దరు పిల్లల్నీ పిలవండి. నూనె ప్యాకెట్ వాళ్ళ ముందే కత్తిరించమనండి. ముద్ద మింగాకే రిజిస్టరు తెరవండి. శనివారం గడిలో ఉన్న సంతకం ఎవరిదైనా సరే, ఎర్ర సిరాతో కొట్టేయండి.